గొడుగు అందని నేల

పేపర్లో జిల్లా పేజీ తిప్పితే ఈ మధ్య తరచూ కనబడే వార్త ఒకటుంది: పెద్దపులి సంచారం. ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ళలోనో, మార్కాపురం వైపు పొలాల్లోనో, పైన ఆదిలాబాద్ పత్తి చేలల్లోనో. తడిమట్టిలో దిగిన ఒక పాదముద్ర, దాని పక్కన కొలతకని పెట్టిన అగ్గిపెట్టె, చుట్టూ మూగినవాళ్ళ చెప్పులు. ఫొటోలో పులి మాత్రం ఉండదు. ఉండనక్కర్లేదు కూడా. ఊరంతా చీకటి పడకముందే తలుపులు వేసుకోవడానికి ఆ ముద్ర చాలు. నేనూ ఆ వార్తను ఆసాంతం చదువుతాను, ఫొటోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూస్తాను. తర్వాత నడకకు బయల్దేరతాను. అనంతపురం శివార్లలో నేను నడిచే దారికి ఒక పక్క వేరుశనగ చేలు, రెండో పక్క రాళ్ళగుట్టల దాకా బీడు. తొలకరి పడ్డ వారాల్లో ఆ తారు మీద అప్పుడప్పుడూ ఓ చిన్న జీవి చచ్చి పడి ఉంటుంది, గుప్పిట్లో పట్టేంత, వీపు నిండా ముళ్ళతో. రాత్రి ఏ లారీయో దాని మీదుగా వెళ్ళిపోయి ఉంటుంది. ఎండెక్కేసరికి కాకులు వాలతాయి, మధ్యాహ్నానికి అక్కడ ఏమీ మిగలదు. ఒక జంతువు అడుగు పడితే అన్ని అక్షరాలు, మరో జంతువు ప్రాణం పోతే ఒక్క మాట లేదు. ఇందులో వింతేముంది, పులి మనిషిని చంపగలదు, ఇది చెదపురుగులు తిని బతికేది, రెంటికీ పోలికేమిటి అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. సర్దిచెప్పుకున్నా ఆ ఆలోచన నన్ను వదలదు. పోలిక లేదని తెలిసిన చోటే మనసు ఎందుకు పోలిక వెతుకుతోంది?

ఆ జీవిని బతికుండగా నాకు మొదట చూపించింది గొర్రెలు కాసే ఒక పెద్దాయన. సాయంత్రం మసక చీకట్లో, రాళ్ళకట్ట పక్కన ఎండుగడ్డిలో ఏదో కదిలింది. నేను ఆగిపోయాను. "ఏంది తాతా అది?" అంటే ఆయన చేతికర్ర అడ్డంపెట్టి గొర్రెల్ని అవతలికి మళ్ళించి, వంగి చూసి, "ముళ్ళెలికప్పా. పాపం, ఎవుర్నీ ఏమీ అనదు. ముట్టుకుంటే ముద్దయిపోతాది, సూడు" అన్నాడు. కర్ర కొస అలా తగిలిందో లేదో, నాలుగు కాళ్ళూ మూతీ ఏమైపోయాయో తెలియదు, ముళ్ళు మాత్రం మిగిలాయి. ఆయన మళ్ళీ దాన్ని ముట్టలేదు. మేమిద్దరం కదలకుండా నిలబడ్డాం. చాలాసేపటికి ముళ్ళ మధ్య నుంచి సన్నటి ముక్కు ఒకటి బయటికొచ్చి, గాలిని అటూ ఇటూ పరీక్షించింది. ఆ ముక్కు తడిగా, నల్లగా, నిరంతరం వణుకుతూ ఉంది. ఆ ముళ్ళగుట్టలో అంత మెత్తటి భాగం ఉంటుందని నేను ఊహించలేదు.

పట్నంలో ఎవరితో చెప్పినా ఏదుపంది పిల్లేమో అంటారు. కాదు. ఏదుపంది పదికిలోలు దాటే జంతువు, ఎలుకల జాతిది, దుంపలు తవ్వుకు తింటుంది, దాని పొడవాటి ముళ్ళు ఊడి శత్రువు ఒంట్లో దిగబడతాయి. ముళ్ళెలుక పేరులో ఎలుక ఉన్నా ఎలుక జాతిది కాదు, దాని చుట్టరికం చుంచులతో. తూకం పావుకిలో అటూ ఇటూ. తినేది పురుగులూ చెదలూ పేడపురుగులూ, దొరికితే తేళ్ళు కూడా. దాని ముళ్ళు ఊడి గుచ్చుకోవు, అవి గట్టిపడిన వెంట్రుకలే. లోపల గుల్లగా, తేలికగా ఉంటాయి. వీపు చుట్టూ చర్మం కింద బలమైన కండరం ఒకటి వలయంలా ఉంటుంది, భయపడగానే అది సంచి మూతి తాడు లాగినట్టు బిగుసుకుని తలనూ కాళ్ళనూ పల్చటి వెంట్రుకల పొట్టనూ లోపలికి మూసేస్తుంది. పుట్టినప్పుడు ముళ్ళు చర్మం కిందే దాగి ఉంటాయి, తల్లికి గుచ్చుకోకుండా. పుట్టిన కొద్దిసేపటికే పైకి పొడుచుకొస్తాయి. ఈ సంగతి మొదట చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. రక్షణ అన్నది పుట్టుకతోనే వచ్చినా, కన్నతల్లికి నొప్పి కలగనంత సేపు ఆగి రావడం ఎంత సున్నితమైన ఏర్పాటు! మన మెట్ట ప్రాంతాల్లో తిరిగే ఈ రకం ముళ్ళెలుక దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. పులిని చూడాలంటే రష్యా మంచు అడవుల్లోనూ చూడొచ్చు, సుమత్రాలోనూ చూడొచ్చు. దీన్ని చూడాలంటే మన బీళ్ళకే రావాలి.

నక్క వచ్చినా, కుక్క వచ్చినా, ముంగిస వచ్చినా ముళ్ళెలుక ఇచ్చే సమాధానం ఒక్కటే, ముడుచుకోవడం. గుడ్లగూబల్లో పెద్దవి కొన్ని తమ పొడవాటి గోళ్ళతో ఆ ముళ్ళను దాటి దాన్ని పట్టగలవు గానీ, మిగతా ప్రాణులు చాలావరకు మూతి గుచ్చుకుని వెనక్కి తగ్గుతాయి. కోట్ల ఏళ్ళుగా పనిచేసిన ఉపాయం అది. అది పనిచేయని చోటు ఒక్కటే, తారురోడ్డు. లైట్ల వెలుతురు మీద పడగానే పరుగెత్తాల్సిన ప్రాణి తనకు తెలిసిన ధైర్యం చూపిస్తుంది, ఆగి ముడుచుకుంటుంది. లారీకి మూతి లేదు, నొప్పి లేదు. ఇక్కడ నాకొక సందేహం వస్తుంది. ముడుచుకోవడాన్ని ధైర్యమని అనవచ్చా? మనకు ధైర్యమంటే ఎదురెళ్ళడం. కానీ శత్రువు నోటి ముందు కదలకుండా, అది విసిగి వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టి ఉండటానికి ఏం కావాలి? ఆ రోజు రాళ్ళకట్ట దగ్గర మేం నిలబడినంతసేపూ అది మా ఇద్దరి పాదాల చప్పుడు వింటూనే ఉండి ఉంటుంది.

పులి విషయంలో నా జ్ఞాపకాలన్నీ చూడకపోవడం గురించినవే. చిన్నప్పుడు శ్రీశైలం బస్సులో దోర్నాల దాటి ఘాటెక్కగానే కిటికీల దగ్గర తలలు పెరిగేవి. పెద్దవాళ్ళు మల్లన్నను తలచుకుంటూనే చెట్ల సందుల్లోకి చూసేవాళ్ళు. ఎవరో ఒకరు "అదిగో" అనేవాళ్ళు, బస్సంతా అటు ఒరిగేది, అదేదో ఎండిన మోడు అయ్యేది. ఎంత వెతికినా పులి కనబడలేదు, కానీ ఆ అడవిలో ప్రతి మూలా అదే ఉన్నట్టు ఉండేది. హైదరాబాద్ వైపు నుంచి వచ్చే దారిలో మన్ననూరు దగ్గర రాత్రి 9 గంటలకు గేటు వేస్తే మళ్ళీ ఉదయం 6 గంటలకే తీస్తారు. అడవి జంతువుల కోసం రోడ్డుకు నిద్ర ఇవ్వడం అన్న ఆలోచన నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. ఒక రాష్ట్ర ప్రభుత్వం, లారీల యజమానులు, తీర్థయాత్రికులు అందరూ పెద్దపులి పేరు చెప్పగానే తొమ్మిది గంటలపాటు ఆగడానికి ఒప్పుకున్నారు. అలాంటి ఆజ్ఞ ముళ్ళెలుక పేరు మీద ఎవరైనా వేస్తే? ఊహించడానికే కష్టంగా ఉంది కదా.

పెద్దయ్యాక పులి గురించి చదివినకొద్దీ ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. రెండు వందల కిలోల పైచిలుకు బరువుండే ఆ జంతువు కూడా బతికేది దాక్కోవడం మీదే. మనకు అంత కొట్టొచ్చినట్టు కనబడే ఆ నారింజ రంగు దుప్పికి కనబడదు. దాని కంటికి నారింజకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. ఆ చారలు పొడవాటి గడ్డి నీడల్లో కలిసిపోతాయి. దుప్పి చూసిందంటే పులికి ఆ పూట తిండి లేనట్టే. చూసిన దుప్పి అరుస్తుంది, కొండముచ్చు చెట్టెక్కి అరుస్తుంది, అడవంతా తెలిసిపోతుంది, పులి లేచి వెళ్ళిపోతుంది. అంటే మనం గర్జనతో, ఎదురుదాడితో ముడిపెట్టుకున్న ఆ జంతువు రోజువారీ జీవితం నిశ్శబ్దంగా, ఎవరికీ తెలియకుండా, నేలకు పొట్ట ఆనించి గడుస్తుంది. ముళ్ళెలుక ముడుచుకుని మాయమవుతుంది, పులి గడ్డిలో కలిసి మాయమవుతుంది. రెండూ రాత్రిపూట తిరిగేవే, రెండూ ఒంటరివే. తల్లిపులి రెండేళ్ళు పిల్లల్ని వెంట తిప్పుకుంటుంది, ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. ముళ్ళెలుక తల్లి అంతకంటే చాలా త్వరగా వదిలేస్తుంది.

జర్మన్ తత్వవేత్త షోపెన్‌హవర్ 1851లో అచ్చయిన తన పుస్తకంలో ముళ్ళ జంతువుల గురించి ఒక చిన్న కథ రాశాడు. చలికి దగ్గర చేరతాయి, ముళ్ళు గుచ్చుకుని దూరం జరుగుతాయి, మళ్ళీ చలికి దగ్గరవుతాయి, చివరికి ఓర్చుకోగల దూరం కుదుర్చుకుంటాయి. మనుషుల స్నేహాలు కూడా అంతేనని ఆయన బాధ. అదే 1851లో లండన్‌లో ఈస్టిండియా కంపెనీ మ్యూజియంలో జంతుశాస్త్రవేత్త థామస్ హార్స్‌ఫీల్డ్ మద్రాసు నుంచి వెళ్ళిన ముళ్ళెలుక నమూనాను పరిశీలించి, దాన్ని కొత్త జీవిగా గుర్తించి గ్రంథస్థం చేశాడు. ఒకే ఏడాది ఒకచోట ముళ్ళు మనిషి ఒంటరితనానికి ఉపమానమయ్యాయి, ఇంకోచోట ఆ ముళ్ళ వెనక ఉన్న నిజమైన జీవికి గుర్తింపు దొరికింది. షోపెన్‌హవర్ కథ నాకు ఇష్టమే, కానీ దానితో పూర్తిగా ఏకీభవించలేను. మా అనంతపురం బీడులో చలికి దగ్గర చేరాల్సిన అవసరం ఏ ముళ్ళెలుకకూ లేదు. దాని ఒంటరితనంలో లోటేమీ లేదు. పులి ఒంటరితనంలోనూ లేదు. ఒంటరిగా ఉండటాన్ని గాయంగా చూసేది మనమే. వాటికి కావాల్సింది తోడు కాదు, జాగా. ఒకదానికి చదరపు కిలోమీటర్లు, ఇంకోదానికి ఓ గట్టూ నాలుగు రాళ్ళూ కాస్త గడ్డీ.

జాగా అనగానే పులిజూదం గుర్తొస్తుంది. మా ఊరి ఆంజనేయస్వామి గుడి మండపంలో నేల బండ మీద ఆ గళ్ళు చెక్కి ఉండేవి, ఎప్పటివో ఎవరికీ తెలియదు. తాత పులులు తీసుకునేవాడు, నాకు మేకలిచ్చేవాడు. మూడు పులులు, పదిహేను మేకలు. మూడు గులకరాళ్ళు పెద్దవి, చింతగింజలు పదిహేను. పులి మేక మీదుగా దూకి దాన్ని తీసేస్తుంది. మేక ఏ పులినీ చంపలేదు, ఆటలో అసలు ఆ వీలే లేదు. అయినా మేకలు గెలవొచ్చు. ఎలా? పులి పక్కనున్న ఖాళీలన్నీ ఒక్కొక్కటిగా నింపేసి, అది కదలడానికి చోటు లేకుండా చేసి. "సూడు నాయనా, దానికి బలం తగ్గల్యా. జాగా తగ్గింది" అని తాత ఓడిపోయినప్పుడు నవ్వుతూ అనేవాడు. ఆ మాట నేను చాలా ఏళ్ళు ఆట గురించే అనుకున్నాను. మన అడవుల్లో పులులకు జరిగింది అక్షరాలా ఇదే. తుపాకులు కొంత చంపాయి, విషం పెట్టి కొంత చంపారు, కానీ ఎక్కువచోట్ల ఎవరూ దాన్ని ముట్టుకోకుండానే చుట్టూ పొలం, డ్యాం, గని, రోడ్డు ఒక్కొక్కటీ వచ్చి కూర్చున్నాయి. ఏ మేకా తాను పులిని చంపుతున్నానని అనుకోలేదు.

1972 లెక్కలో దేశంలో మిగిలిన పులులు 1,827. మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఆ తర్వాత కూడా కష్టాలు తీరలేదు. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2005 నాటికి పులి అన్నదే లేకుండా పోయింది. పాదముద్రలు లెక్కపెట్టే పాత పద్ధతి వదిలి, చెట్లకు కెమెరాలు కట్టి, ప్రతి పులినీ దాని చారలతో గుర్తించడం నేర్చుకున్నారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. 2006లో ఆ లెక్క 1,411కి వచ్చి దేశాన్ని భయపెట్టింది. 2022 అంచనా 3,682. అందులో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21. నల్లమలలో ఆ కెమెరాల వెంట, ఆ దారుల వెంట నడిచే కాపలాదారుల్లో చెంచులు చాలామంది. అడవి తెలిసిన ఆ కాళ్ళు లేకపోతే ఆ అంకెలు లేవు. నాకు ఈ లెక్కలంటే గౌరవం. ఒక దేశం ఒక క్రూరమృగాన్ని కాపాడుకోవాలని నిర్ణయించుకుని, యాభై ఏళ్ళు పట్టు వదలకుండా, చారచారా సరిపోల్చుకుంటూ వెతకడం చిన్న విషయం కాదు. కానీ ఆ అంకెలు చూసిన ప్రతిసారీ రెండో ప్రశ్న నోటి దాకా వస్తుంది. ముళ్ళెలుకలు ఎన్ని? నాలుగేళ్ళకోసారి వచ్చే ఏ నివేదికా దాన్ని లెక్కపెట్టదు. దానికి చారలు లేవు, అన్నీ ఒకేలా ఉంటాయి. ఒకటి తగ్గినా, వెయ్యి తగ్గినా గమనించేది నాకు తెలిసి ఆ గొర్రెల పెద్దాయన లాంటి వాళ్ళే.

మనుషులు ఈ రెంటినీ ఒక్క విషయంలో మాత్రం సమానంగా చూశారు, పిల్లల కోసం వాటి ఒళ్ళు కోయడంలో. పులిగోరు బంగారంలో పొదిగి మెళ్ళో కడితే పిల్లాడికి దడుపు ఉండదని మన ఇళ్ళలో నమ్మకం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, అయినా పాత పెట్టెల్లో ఇంకా ఉన్నాయి. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో ముళ్ళెలుక ముళ్ళను కాల్చి, తేనెలో రంగరించి, దగ్గొచ్చిన పిల్లల నాలుకకు రాస్తారు. ధైర్యానికి పులి, దగ్గుకు ముళ్ళెలుక. బిడ్డ మీద ప్రేమతో చేసినవే రెండూ, అందుకే నాకు కోపం రాదు, దిగులు వస్తుంది. ధైర్యం గోటిలో లేదు, మందు ముల్లులో లేదు. ఆ తల్లులకు దగ్గర్లో ఒక మంచి డాక్టరు ఉండి ఉంటే ఎన్ని ప్రాణులు దక్కేవో.

జంతుశాస్త్రం చదివినవాళ్ళు పులిని గొడుగు అంటారు. పులికి పెద్ద అడవి కావాలి, ఆ అడవిని కాపాడితే అందులో ఉన్న దుప్పీ, ఎలుగూ, తేనెటీగా, వాగూ అన్నీ ఆ నీడలోకి వస్తాయి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అలాంటి గొడుగే, మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా. చాలా నిజమైన మాట, ఎంతో మేలు చేసిన మాట. అయితే గొడుగుకు అంచు ఉంటుంది. ముళ్ళెలుక ఉండేది చిక్కటి అడవిలో కాదు. రేగు, బలుసు, కలే పొదలు, బోదగడ్డి, రాళ్ళు, మధ్యలో ఎర్రమట్టి ఉండే చోట. ఆ చోటును రెవెన్యూ రికార్డులో బంజరు అంటారు, పోరంబోకు అంటారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే దేశపు బంజరు భూముల అట్లాసులో పొదలున్న నేల ఒక విభాగం. పైనుంచి చూస్తే అది నిజంగానే ఖాళీగా కనబడుతుంది. చెట్టు లేదు, పంట లేదు. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే అక్కడ ఎంత సందడి! చెదల పుట్ట, పుట్ట అంచున పేడపురుగు, పొద కింద పూరేడు, రాయి సందులో నలికీచు, చీకటి పడ్డాక ముళ్ళెలుక. ఆ నేల మీద బతికే గొర్రెలమంద, ఆ మంద మీద బతికే కుటుంబం. ఇన్ని ప్రాణాలున్న నేలను ఖాళీ అని రాసుకున్నాక, దాన్ని నింపేయడం మంచిపని అనిపించడం సహజం.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో శకునాల, గని గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో సౌర విద్యుత్ పార్కు ఉంది, వెయ్యి మెగావాట్లది. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడు నాకు రెండు భావాలు ఒకేసారి కలుగుతాయి. బొగ్గు కాల్చకుండా వచ్చే ఆ వెలుతురు కావాలి, మా రాయలసీమ ఎండకు ఇంతకాలానికి ఒక విలువ దొరికిందని సంతోషం. వెంటనే ఇంకో ప్రశ్న. ఈ ఆరు వేల ఎకరాల పొదల్లో రాత్రిపూట తిరిగినవి ఎటు వెళ్ళాయి? ఎవరైనా అడిగి ఉంటే కొంచెం గడ్డి, కొన్ని గట్లు వదిలి కట్టడం సాధ్యమయ్యేదేమో. అదే జిల్లాలో రోళ్ళపాడు గడ్డినేలను 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. గడ్డినేలకు కూడా కాపలా కావాలని గుర్తించిన ఆ పని నాకు ఇప్పటికీ ఆదర్శం. బట్టమేక ఇప్పుడు అక్కడ కనబడటం లేదు. పెద్ద పక్షి వెళ్ళిపోయాక, మిగిలిన చిన్న జీవుల కోసం ఆ నేలను అంతే శ్రద్ధగా చూసుకుంటామా లేదా అన్నది నన్ను కలవరపెట్టే ప్రశ్న.

చాలాకాలం నా ఆలోచన ఇక్కడే ఆగేది. పులికి అడవి దక్కింది, ముళ్ళెలుకకు బీడు దక్కలేదు, అంతే. మహారాష్ట్రలోని టిప్పేశ్వర్ అడవి నుంచి 2019లో బయల్దేరిన ఒక మగపులి కథ చదివాక ఆలోచన మలుపు తిరిగింది. మెడలో రేడియో పట్టీ ఉన్న వయసుపులి అది, తనకంటూ ఒక జాగా వెతుక్కుంటూ బయల్దేరింది. ఆదిలాబాద్ వైపు తెలంగాణలోకి కూడా వచ్చి, మళ్ళీ మహారాష్ట్రలోకి తిరిగి, ఐదు నెలల్లో 1,300 కిలోమీటర్లు నడిచి జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. ఆ దారి అడవి మీదుగా వెళ్ళింది తక్కువ. పత్తిచేలు, వాగు ఒడ్లు, ఊరి పొలిమేరలు, పొదల బీళ్ళు. పగలు ఏ వంకలోనో పడుకుని, రాత్రి నడిచి. అన్ని ఊళ్ళు దాటిన జంతువు సంగతి దాని మెడపట్టీ చూస్తున్నవాళ్ళకు తప్ప చాలా ఊళ్ళకు తెలియనే తెలియదు. నల్లమల నుంచి లంకమల మీదుగా శేషాచలం వైపు పులులు సాగుతాయన్న ఆశ కూడా ఇలాంటి దారుల మీదే ఉంది.

అంటే అడవిలో పుట్టిన పులి కూడా వయసొచ్చాక ఒకనాటి రాత్రి బీడులోకి దిగాల్సిందే. అభయారణ్యాలన్నీ విడివిడి దీవులైతే లోపలున్న పులులు తమలో తామే జతకట్టి, తరతరానికీ నీరసపడతాయి. దీవి నుంచి దీవికి నడిపించేది ఈ నేలే, మనం ఖాళీ అని రాసుకున్నదే. పులిజూదం బండ మీద పులి కదలడానికి కావాల్సిన ఖాళీ గడి అదే. ఆ గడిలో ఎప్పటినుంచో కాపురమున్నది ముళ్ళెలుక. ఏదో ఒక రాత్రి ఆ రెండూ ఒకే గట్టు మీద ఎదురుపడి ఉంటాయా అని ఆలోచిస్తాను. పులి ముక్కు దించి వాసన చూస్తుంది, అది ముడుచుకుంటుంది. ముళ్ళంటే పులికి భయముంది, ఉండాలి. ఏదుపందితో తలపడి ఒక కన్ను పోగొట్టుకుని, ముంజేతిలో ముళ్ళు దిగబడి, వేట చాతకాక మనుషుల మీద పడిన ముక్తేశ్వర్ ఆడపులి గురించి వేటగాడు జిమ్ కార్బెట్ రాశాడు. కనుక అది చిన్న ముళ్ళముద్దను వదిలేసి ముందుకు సాగి ఉంటుంది. కాసేపటికి ముళ్ళెలుక విప్పుకుని చెదల వేటలో పడి ఉంటుంది. ఒకదాని నేల ఇంకోదానికి దారి.

ఇంగ్లండులో తోటల కంచెల అడుగున ముళ్ళెలుకలు వెళ్ళేందుకు రంధ్రాలు చేస్తారు. కొలత 13 సెంటీమీటర్ల వెడల్పు, 13 సెంటీమీటర్ల ఎత్తు. ఒక ఇంటివాళ్ళు చేస్తే పక్కింటివాళ్ళు, అలా వీధి వీధంతా కలుపుతూ పోతారు. మన దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిని నాగపూర్ అవతల పెంచ్ అడవిలో జంతువుల కోసం స్తంభాల మీదికి ఎత్తారు. అలాంటివి తొమ్మిది కట్టడాలు, ఒకటైతే 750 మీటర్ల పొడవు. పైన లారీలు పోతుంటే కింద పులులు నడవడం కెమెరాలకు చిక్కింది. ఆ రహదారే ఆదిలాబాద్ మీదుగా హైదరాబాద్‌కు, అక్కణ్ణుంచి కర్నూలుకు, మా అనంతపురానికి వస్తుంది. ఇక్కడ దాని కిందా, దానిలో కలిసే చిన్న రోడ్ల కిందా వంక నీళ్ళు పోవడానికి తూములున్నాయి, కట్టినప్పటినుంచీ ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు అవి పొడిగానే ఉంటాయి. చాలావాటి నోళ్ళు ప్లాస్టిక్ చెత్తతో, సర్కారు తుమ్మ కంపతో మూసుకుపోయాయి. కంప కొట్టించి, తూముకు ఇరువైపులా ముళ్ళెలుక ఎక్కలేనంత ఎత్తున, ఓ యాభై అడుగుల మేర నున్నటి గోడ కట్టిస్తే, రోడ్డెక్కబోయే ప్రాణి గోడ వెంబడే నడిచి తూములోకి దిగుతుంది. రోడ్డు వేసేవాళ్ళకు ఇది కొద్ది రోజుల కూలీ, కొంత సిమెంటు. పంచాయతీ తీర్మానంలో, రోడ్ల శాఖ మరమ్మతుల అంచనాలో ఒక్క వరుసగా దీన్ని చేర్పించాలని నా కోరిక. తొలకరికి ముందే చేయాలి. వానలు పడ్డాక ముళ్ళెలుకలు తిరగడం మొదలుపెడతాయి.